ఇంటి చదువు విషయంలో అమ్మదో మాట, నాన్నదో మాట: తేల్చుకోవడం ఎలా?

పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించే కుటుంబాల్లో పేచీ సిద్ధాంతాల దగ్గర మొదలవదు. లెక్కల పుస్తకం తెరిచి మూడు రోజులైందన్న మాట దగ్గర మొదలవుతుంది. అరగంట తిరిగేసరికి అది "అసలు బడి మాన్పించడమే తప్పు" దాకా పోతుంది. అంత దూరం పోయాక ఎవరి మాట నిజమో తేల్చడానికి ఇద్దరి చేతుల్లోనూ ఏమీ ఉండదు. అందుకే మాటను మళ్లీ ఆ లెక్కల పుస్తకం దగ్గరికే తీసుకురావాలి. పిల్లలు చేసిన పనిని మధ్యలో పెట్టుకుని, ఒక గడువు పెట్టుకుని తేల్చుకోవాలి. కింద ఉన్నదంతా ఆ పని చేసే తీరు గురించే.

ముందు చట్టం చూసుకోండి

కొన్ని వాదనలకు అసలు చోటే ఉండదు. జర్మనీలో పిల్లలు బడికి వెళ్లి తీరాలి. ఇంట్లో చదివించుకుంటామన్న ఒక కుటుంబం ఫిర్యాదును 2006లో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం కూడా తోసిపుచ్చింది. ఫ్రాన్స్‌లో ఇదివరకు సమాచారం ఇస్తే సరిపోయేది, 2022 నుంచి ముందుగా అనుమతి తీసుకోవాలి. ఇంగ్లండ్‌లో 1996 విద్యా చట్టంలోని 7వ సెక్షన్ పిల్లల వయసుకూ సామర్థ్యానికీ తగిన పూర్తికాలపు చదువు అందించే బాధ్యతను తల్లిదండ్రుల మీద పెడుతుంది, అది బడిలోనే కావాలని అనదు. అమెరికాలో అన్ని రాష్ట్రాల్లోనూ చట్టబద్ధమే, కానీ టెక్సస్‌లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. న్యూయార్క్‌లో అయితే ఏటా ప్రణాళిక, మూడు నెలలకోసారి నివేదిక, ఏడాది చివర మూల్యాంకనం ఇవ్వాలి.

ఇదంతా ఎందుకంటే, ఇంటి చదువు గురించి ఎదురయ్యే సలహాల్లో సగం వేరే చోటి చట్టం కింద బతుకుతున్నవాళ్లవి. "రికార్డులెందుకు, పిల్లల్ని స్వేచ్ఛగా వదిలెయ్యండి" అని టెక్సస్ తల్లి అంటే అది ఆమెకు నిజం. న్యూయార్క్‌లో ఉన్నవారు ఆ మాట పట్టుకుంటే చిక్కుల్లో పడతారు. మీరున్న చోట నమోదు, హాజరు, పరీక్ష, తనిఖీ ఈ నాలుగింటికి నియమం ఏమిటో ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి. ఆ నాలుగూ చర్చకు రావు.

పేచీని ఒక్క వాక్యంలో రాయండి

ఇద్దరూ విడివిడిగా కూర్చుని ఒక్కో వాక్యం రాయాలి. అందులో మూడు సంగతులు ఉండాలి: పిల్లలకు ఏ పని రావడం లేదు, ఎన్నాళ్లుగా, మీరు ఏం మార్చమంటున్నారు. "వాడు వెనకబడ్డాడు" అని రాస్తే కుదరదు. ఎవరికంటే, ఎందులో అన్నది అందులో లేదు. "రెండంకెల తీసివేతల్లో అప్పు తెచ్చుకోవాల్సి వస్తే పదింట్లో ఆరు తప్పుతున్నాయి, నెల రోజులుగా ఇదే వరస, రోజూ పది నిమిషాలు ఇవే చేయిద్దాం" అన్నది పనికొచ్చే వాక్యం.

రాయడానికి కూర్చుంటే కొన్నిసార్లు వాక్యమే రాదు. అలా రాకపోవడం కూడా ఒక సమాచారమే. అప్పుడు అసలు సమస్య చదువు కాకపోవచ్చు. బంధువుల ముందు ఏం చెప్పాలో తెలియకపోవడం, ఉద్యోగం మానేసిన బాధ, రోజంతా పిల్లలతో ఒక్కరే ఉండిపోయిన అలసట, ఇవి చదువు వేషం వేసుకుని వస్తాయి. అలసటకు కొత్త పాఠ్యపుస్తకం మందు కాదు. వారంలో రెండు పూటలు రెండోవారు పిల్లల్ని పూర్తిగా చూసుకుంటే పోయేదానికి కొత్త సిలబస్ కొని, అది కూడా నచ్చలేదని మళ్లీ గొడవపడే ఇళ్లు చాలా ఉంటాయి.

రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది: చాలాసార్లు ఇద్దరూ వేర్వేరు పనుల గురించి మాట్లాడుతుంటారు. దీనికి పాత ఉదాహరణ ఒకటుంది. పాఠం చిన్నదిగా ఉండాలి, చిన్నపిల్లలకు 20 నిమిషాలు దాటకూడదు అన్నది బ్రిటిష్ విద్యావేత్త షార్లెట్ మేసన్ దారి. పిల్లల్ని మూడు గంటల పాటు మధ్యలో అడ్డుపడకుండా పని చేసుకోనివ్వాలన్నది ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి దారి. ఇంట్లో ఒకరు దీన్నీ ఒకరు దాన్నీ పట్టుకుని పోట్లాడుకుంటారు. మేసన్ చెప్పింది పెద్దవాళ్లు నడిపే పాఠం గురించి, మాంటిస్సోరి చెప్పింది పిల్లలు తమంతట తాము ఎంచుకున్న పని గురించి. ఉదయం 20 నిమిషాల పాఠాలు మూడు చెప్పి, తర్వాత రెండు మూడు గంటలు ఎవరూ పిలవకుండా వదిలేస్తే రెండు మాటలూ నిలబడతాయి.

పిల్లల పని దాచిపెట్టండి

వాదనకు ఆధారం కావాలంటే ఒక ఫైలు చాలు. నెలకోసారి, ఒకే తేదీన, మూడు నమూనాలు అందులో వేయాలి: చూడకుండా సొంతంగా రాసిన అయిదారు వాక్యాలు, సాయం లేకుండా చేసిన పది లెక్కలు, ఒక పేజీ పైకి చదువుతుండగా ఫోన్‌లో చేసిన రికార్డింగ్. కాగితాల మీద తేదీ, పట్టిన సమయం రాయండి. తప్పులు దిద్దకండి. దిద్దిన కాగితం చూస్తే పెద్దవాళ్ల పనే కనబడుతుంది.

ఎక్కువమంది చేసే పొరపాటు, బాగా వచ్చిన పనిని మాత్రమే దాచడం. ఆర్నెల్లకు చూస్తే అన్నీ బాగున్నట్టే ఉంటుంది, వాదన మాత్రం అలాగే ఉంటుంది. తేదీ ముందే ఖాయం చేసుకోవడం ఇందుకే. ఆ రోజు బాబు చిరాకుగా ఉన్నా సరే, ఆ రోజు పనే ఫైల్లోకి పోవాలి. జ్వరమొస్తే మాత్రం వారం వాయిదా వేయండి.

ఆరు వారాల పరీక్ష

వాక్యం తేలింది, ఫైలు ఉంది. ఇప్పుడు ఎవరి మార్పును ప్రయత్నించాలో చూసుకుని, ఆరు వారాలు గడువు పెట్టుకోండి. రెండు వారాలు పెడితే చాలదు. మొదటి వారం కొత్త మోజు, రెండో వారం ఎదురుతిరగడం ఉంటాయి, అసలు ఫలితం మూడో వారం నుంచి కనబడుతుంది. మూడు నెలలు పెడితే, నమ్మకం లేనివారు మధ్యలోనే చేతులెత్తేస్తారు.

1. మొదటి రోజు కొలత తీసుకోండి. తీసివేతలైతే ఇరవై లెక్కలు, ఎన్ని సరైనవి, ఎన్ని నిమిషాలు.
2. ఒక్క మార్పే చేయండి. పుస్తకం మార్చి, సమయం మార్చి, చెప్పేవారిని కూడా మారిస్తే దేనివల్ల బాగుపడిందో ఎప్పటికీ తెలియదు.
3. ఒప్పుకునే షరతు ముందే రాయండి. "ఆరో వారానికి ఇరవైలో పదహారు దాటితే ఇదే పద్ధతి కొనసాగిద్దాం, పన్నెండు లోపే ఉంటే నీ పద్ధతి." పదమూడు నుంచి పదహారు మధ్య వస్తే ఇంకో మూడు వారాలు.
4. మూడో వారం అదే స్థాయి లెక్కలు, వేరే అంకెలతో ఇవ్వండి. అవే లెక్కలు మళ్లీ ఇస్తే జవాబులు గుర్తుండిపోతాయి.
5. ఆపేసే షరతు కూడా రాయండి. వరుసగా అయిదు రోజులు ఏడుపుతో ముగిస్తే, లేదా నిద్ర చెడితే, గడువు కోసం చూడకుండా ఆపండి.
6. ఆరు వారాల్లో "నేను చెప్పానా!" అన్న మాట ఎవరూ అనకూడదు. పిల్లల ముందు అసలే అనకూడదు.

మూడో నియమం దగ్గరే చాలా ఇళ్లలో పని చెడుతుంది. షరతు ముందు రాయకపోతే, పద్నాలుగు వచ్చినప్పుడు ఒకరికి అది మెరుగుదల, ఒకరికి వైఫల్యం. మళ్లీ మొదటికొస్తారు.

చదవడం: ఎక్కువ పేచీ ఇక్కడే

"సమయం వస్తే తనే చదువుతుంది" అని ఒకరు, "ఇప్పుడే కూర్చోబెట్టకపోతే ఇక రాదు" అని ఒకరు. వేచి చూద్దామనేవారు తరచూ ఫిన్లాండ్ పేరు తీస్తారు. అక్కడ బడి ఏడో ఏట మొదలవుతుంది, నిజమే. కానీ ఆ ముందటి ఏడాది పూర్వప్రాథమిక విద్య 2015 నుంచి తప్పనిసరి, పైగా ఫిన్నిష్ రాత ఎలా రాస్తే అలాగే పలికే భాష. ఇంగ్లిష్ అలా కాదు. క్యాట్ (cat), కేక్ (cake), కార్ (car) మూడింట్లోనూ అదే a అక్షరం, మూడు పలుకులు. అందుకని ఫిన్లాండ్ లెక్క ఇంగ్లిష్‌కు సరిపోదు. ఇంగ్లిష్ చదవడంలో అక్షరానికీ ధ్వనికీ ఉన్న సంబంధాన్ని క్రమపద్ధతిలో నేర్పితే మేలని 2000లో అమెరికా నేషనల్ రీడింగ్ ప్యానెల్ తన నివేదికలో చెప్పింది. రోజుకు 10 నుంచి 15 నిమిషాలు చాలు. అంతకు మించితే చిన్నపిల్లలు ఊహించి చెప్పడం మొదలెడతారు.

తెలుగు చదవడానికి అడ్డం వేరే చోట వస్తుంది. గుణింతం వచ్చాక పిల్లలు గబగబా సాగిపోతారు, ఒత్తుల దగ్గర ఆగిపోతారు. "అన్నీ వచ్చేశాయి" అని ఒకరు, "ఏమీ రాలేదు" అని ఒకరు అంటుంటే ఇద్దరూ వేర్వేరు పేజీలు చూసి మాట్లాడుతున్నారన్నమాట. ఒత్తులు లేని పేజీ ఒకటి, ఉన్న పేజీ ఒకటి చదివించి చూడండి.

నిజంగా చదువుతోందా, బట్టీ పట్టిందా అన్న అనుమానం తీర్చుకోవడానికి అర్థం లేని మాటలు పది రాసి చదివించండి: గుమిటె, బోలుకి, నెట్టగి, తొష్మిలం ఇలాంటివి. ఎక్కడా విని ఉండవు కనక గుర్తుపట్టి చెప్పే వీలు లేదు. పదింట్లో ఎనిమిది చదివితే అక్షరాలు కూర్చుకోవడం వచ్చినట్టే. బొమ్మల కథ గడగడా చదివే పాప ఇక్కడ నాలుగు దాటకపోతే, ఆ గడగడా అంతా బొమ్మలు చూసీ జ్ఞాపకంతోనూ.

పుస్తకం కష్టమా తేలికా అన్న వాదనకు వంద మాటల పేరా ఒకటి చాలు. పైకి చదివిస్తూ తప్పులు లెక్కపెట్టండి. తనే తప్పు గమనించి సరిచేసుకుంటే అది తప్పు కిందికి రాదు. 95 లేదా పైన సరిగా వస్తే ఒంటరిగా చదువుకోవచ్చు, 90 నుంచి 94 వరకు పక్కన కూర్చుని చదివించాలి, 90 కన్నా తగ్గితే ఆ పుస్తకం మూసేయండి. ఒక హెచ్చరిక: ఈ హద్దులు ఇంగ్లిష్ మాటలను బట్టి పుట్టాయి. తెలుగులో "చేయించుకోలేకపోయారు" అన్నది ఒకే మాట, ఇంగ్లిష్‌లో అది అయిదారు మాటలు. కాబట్టి తెలుగు పేరాకు ఇదే గీత గీయకుండా, అయిదారు తప్పులు ఎక్కువైనా పిల్లకు కథ అర్థమైందో లేదో అడిగి చూడండి.

వేచి చూడకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి. క్రమపద్ధతిలో ఆరు నెలలు నేర్పినా అక్షరం-ధ్వని జత కుదరకపోవడం, ప్రాస మాటలు పట్టుకోలేకపోవడం, పుస్తకం ముఖానికి మరీ దగ్గరగా పెట్టుకోవడం, ఒక కన్ను మూసి చదవడం, పిలిస్తే పలకకపోవడం, కుటుంబంలో ఎవరికైనా చదవడంలో చిక్కు ఉండి ఉండటం. వీటిలో ఏది కనిపించినా వాదన పక్కన పెట్టి ముందు కళ్లు, చెవులు పరీక్ష చేయించాలి. రెండూ బాగున్నాయంటే డిస్లెక్సియా (అక్షరాలు చదవడంలో ఉండే ప్రత్యేకమైన ఇబ్బంది) అంచనా వేసే నిపుణుల దగ్గరికి వెళ్లాలి. వెళ్లి ఏమీ లేదని తెలిస్తే పోయేది ఒక పూట.

ఎక్కాలు: బట్టీనా, అర్థమా

ఇది అనవసరపు పేచీ. రెండూ కావాలి, ఎంతెంత అన్నదే ప్రశ్న. బట్టీకి ఎదురు చెప్పేవారిని భయపెట్టేది వంద గుణకారాల కొండ. దాన్ని కొలిచి చూడండి. 1 నుంచి 10 వరకు ఎక్కాల్లో వంద జతలుంటాయి. ఏడు మూళ్లూ, మూడు ఏళ్లూ ఒకటే అని తెలిస్తే మిగిలేవి 55. ఒకటో ఎక్కం, పదో ఎక్కం నేర్పక్కర్లేదు, 36 మిగిలాయి. రెండో ఎక్కం రెట్టింపు, అయిదో ఎక్కం గడియారం చూసి వచ్చేస్తుంది. ఇక మిగిలినవి 21. తొమ్మిదో ఎక్కాన్ని పదో ఎక్కంలోంచి ఒకసారి తీసేసి రాబట్టుకోవచ్చు, అప్పుడు 15. అర్థంతో చెప్పాలన్నవారు ఈ కుదింపు చేయించాలి, బట్టీ కావాలన్నవారు మిగిలిన 15ను పట్టాలి. ఇద్దరికీ పని దొరుకుతుంది.

రోజుకు రెండు మూడు జతలే కొత్తవి. మర్నాడు, మూడో రోజు, వారానికి, రెండు వారాలకు, నెలకు మళ్లీ అడగాలి. నేర్చుకున్నది ఎలా కరిగిపోతుందో జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే కొలిచి చూపాడు. ఎడం ఇచ్చి గుర్తుచేసుకుంటే ఆ కరుగుడు నెమ్మదిస్తుంది. ఒకే రోజు గంటసేపు వల్లె వేయిస్తే సాయంత్రానికి అన్నీ వస్తాయి, పై వారానికి సగం ఉండవు. "నిన్న అన్నీ చెప్పింది, ఇవాళ నాటకాలాడుతోంది" అన్న నింద ఇక్కడే పుడుతుంది. నాటకం కాదు, మరుపు.

చేయలేకనా, చేయనంటూనా

పిల్లలు పుస్తకం విసిరికొడితే ఒకరు క్రమశిక్షణ అంటారు, ఒకరు పాపం అంటారు. పావుగంటలో తేల్చే ఉపాయం ఉంది. అదే పనిని రెండు మెట్లు తేలిక చేసి ఇవ్వండి. అప్పుడు చేసేస్తే అది చేయలేకపోవడమే. తేలిక చేసినా వద్దంటే, రాయకుండా నోటితో చెప్పమనండి. గడగడా చెప్పేస్తే చిక్కు చేతిరాతలో ఉంది. పెన్సిల్ పట్టు, చేతి నొప్పి, కుర్చీ ఎత్తు, కాళ్లు నేలకు ఆనుతున్నాయా లేదా చూడండి. నోటితోనూ వద్దంటే రోజులో వేరే వేళకు మార్చండి, ముఖ్యంగా ఆకలి వేళకూ నిద్ర వేళకూ దూరంగా. ఈ మూడింటికీ లొంగకపోతేనే అది పట్టుదల, అప్పుడు మాత్రమే క్రమశిక్షణ మాట వస్తుంది. ఎక్కువసార్లు మొదటి రెండు మెట్ల దగ్గరే సంగతి తేలిపోతుంది.

ఎన్ని గంటలు, ఎంత స్వేచ్ఛ

బడి ఆరేడు గంటలుంటుంది కనక ఇంట్లోనూ అంతే ఉండాలనుకోవడం లెక్క తప్పడమే. బడిలో హాజరు, వరుసలు, ముప్పైమంది కోసం ఎదురుచూపు ఉంటాయి. ఇంట్లో ఒక్కరికే చెప్పేటప్పుడు ఆరేడేళ్ల పిల్లలకు కూర్చోబెట్టే చదువు గంట, గంటన్నర చాలు. ఎనిమిది నుంచి పదేళ్లవారికి రెండు, రెండున్నర గంటలు. పన్నెండు, పదమూడేళ్లకు మూడు నాలుగు గంటలు, అందులో సగం వాళ్లంతట వాళ్లు చేసుకునేది. ఇవి శాస్త్రం తేల్చిన అంకెలు కావు, ఆచరణలో నిలబడే అంకెలు.

అన్‌స్కూలింగ్ అన్న మాటను 1970ల్లో అమెరికా విద్యావేత్త జాన్ హోల్ట్ ప్రచారంలోకి తెచ్చాడు: పిల్లల ఆసక్తే చదువును నడపాలి. ఇంట్లో ఒకరు ఆ దారి, ఒకరు టైంటేబుల్ దారి అయితే మధ్యేమార్గంగా రోజును చెరిసగం చేయకండి. సబ్జెక్టులను విడదీయండి. చదవడం, రాయడం, లెక్కలు ఈ మూడూ పునాది. వీటికి రోజువారీ సమయం ఖాయం, చర్చ లేదు. సైన్సు, చరిత్ర, కళలు, ఆటలు స్వేచ్ఛ. వాటికి టైంటేబుల్ లేదు, కానీ వారం చివర ఏం చేశారో నాలుగు లైన్లు రాసిపెట్టాలి. వరుసగా నాలుగు వారాలు ఆ లైన్లలో ఒకటే వీడియో గేమ్ పేరు కనిపిస్తే, స్వేచ్ఛ అన్నవారు స్వయంగా కొత్త వస్తువో, మనిషో, చోటో పిల్లల ముందుకు తేవాలి. స్వేచ్ఛ అడిగినవారికి ఉన్న పని అది.

కొత్తగా బడి మానిన పిల్లలకు కొన్నాళ్లు ఊపిరి పీల్చుకోనివ్వాలని అందరూ అంటారు. బడిలో గడిపిన ఒక్కో ఏడాదికి ఒక్కో నెల అని ఒక లెక్క చెప్పుకుంటారు. దాని వెనక పరిశోధన ఏదీ లేదు, వాడుకలో పడిన మాట. అయిదేళ్లు బడికి వెళ్లిన బాబును అయిదు నెలలు వదిలేస్తే రెండోవారి సహనం రెండో నెలకే అయిపోతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలు హద్దు పెట్టుకుని, ఆ రోజుల్లోనూ నిద్ర వేళలు, రోజూ పెద్దవాళ్లు పైకి చదివి వినిపించడం, ఇంటి పనిలో వంతు మాత్రం వదలకండి.

తెర గురించి ఒక్క మాట. "ఎన్ని గంటలు" అని లెక్కేస్తే పేచీ తెగదు. తెర మీద తయారు చేసింది వేరే, చూసింది వేరే రాయండి. ప్రోగ్రామ్ రాసిన గంటనూ వీడియోలు చూసిన గంటనూ ఒకే గంపలో వేసి మాట్లాడుకుంటున్నారు కాబట్టే కుదరడం లేదు.

చెప్పేవారు, విమర్శించేవారు

ఒకరు రోజంతా చెబుతారు, రెండోవారు రాత్రి తొమ్మిదికి వచ్చి నోటుపుస్తకం తిరగేసి పెదవి విరుస్తారు. దీనికి నియమం ఒకటే: తప్పుపట్టినవారు ఆ సబ్జెక్టులో ఒక భాగాన్ని తీసుకోవాలి. శనివారం లెక్కలైనా, రోజూ పడుకునే ముందు 15 నిమిషాల చదివింపైనా. ఆరు వారాలు తీసుకోలేకపోతే ఆ ఆరు వారాలూ ఆ సబ్జెక్టు మీద అభిప్రాయం చెప్పకూడదు. కటువుగా ఉన్నా, ఇది ఇద్దరికీ మేలు చేస్తుంది. చెప్పి చూసినవారి విమర్శలో వివరం ఉంటుంది.

వారానికి 20 నిమిషాలు కూర్చోండి. పిల్లలు నిద్రపోయాక అలసిపోయి ఉంటారు కనక ఆ వేళ వద్దు, వారాంతం ఉదయం మేలు. మొదటి అయిదు నిమిషాలు ఆ వారం పనులు మౌనంగా చూడటం. తర్వాత ఒక్కొక్కరూ ఒక్క ఆందోళన చెప్పడం, రెండోవారు మధ్యలో అందుకోకుండా వినడం. చివర ఒక్క నిర్ణయం, దానికి తేదీ. రెండో నిర్ణయానికి చోటు లేదు, పై వారం చూసుకోవచ్చు. నిర్ణయాన్ని ఇద్దరూ కలిసే పిల్లలకు చెప్పండి. "మీ నాన్న అన్నారు కాబట్టి" అని మొదలుపెట్టారంటే ఆ నిర్ణయం ఆ క్షణానే చచ్చినట్టు.

బయటివాళ్లతో

తాతయ్యలు, నానమ్మలు, మేనత్తలు అడిగే "ఇంతకీ ఏం నేర్చుకుంటోంది?" అన్న ప్రశ్నకు సిద్ధాంతం చెప్పకండి. ఫైల్లోంచి ఆర్నెల్ల కిందటి కాగితం, మొన్నటి కాగితం పక్కపక్కన పెట్టండి. అందరి ముందు పిల్లల్ని ఎక్కం అడిగి పరీక్ష పెట్టబోతే మర్యాదగా ఆపి, "ఒక కథ చదివి వినిపిస్తుంది, వినండి తాతయ్యా" అనండి. పెద్దవాళ్లలో ఎవరికైనా ఒక విద్య ఉంటే, కుట్టో, సంగీతమో, వడ్రంగమో, వారంలో ఒక గంట వాళ్లకే అప్పగించండి. ఆ గంట తర్వాత ప్రశ్నల తీరు మారుతుంది.

"స్నేహితులెక్కడ?" అన్న అభ్యంతరాన్ని తేలిగ్గా తీసుకోకూడదు, కొందరి విషయంలో అది నిజం. లెక్కపెట్టి చూడండి: అమ్మానాన్నలు పక్కన లేకుండా, ప్రతి వారం కలిసే పిల్లలు ఎందరు? ఎప్పుడో ఒకసారి కలిసేవారు, పెళ్లిళ్లలో కనిపించేవారు లెక్కలోకి రారు. ఇద్దరు ముగ్గురున్నా చాలు, ఒక్కరూ లేకపోతే వారంలో రెండు పూటలు ఖాయంగా ఒకే గుంపుతో ఆటో, తరగతో ఏర్పాటు చేయాలి. ఒకే గుంపు అన్నది ముఖ్యం. నెలకో కొత్త క్లాసు మార్చేస్తే పరిచయాలే మిగులుతాయి.

ఇంటి చదువు చెప్పే మరో తల్లిదండ్రులను సలహా అడిగేటప్పుడు పిల్లల వయసు, మీ దగ్గర రోజుకున్న సమయం, ఇంతవరకు ఏం చేశారు, ఎన్నాళ్లు చేశారు, ఎక్కడ ఆగింది, ఈ అయిదూ చెప్పండి. "ఏ సిలబస్ మంచిది?" అని అడిగితే ఎవరికి వారు తాము కొన్నదాన్నే మెచ్చుకుంటారు. మీరే చెప్పాల్సివస్తే, పేరు చెప్పే ముందు ఆ అయిదూ అడగండి. కొన్ని కుటుంబాలు కలిసి నడుపుకునే చిన్న తరగతులను సిద్ధాంతాలకంటే ఆలస్యాలూ జలుబులే ఎక్కువగా చెడగొడతాయి. ఎవరు ఏం చెబుతారు, రాలేకపోతే ఎన్ని గంటల ముందు చెప్పాలి, జ్వరం తగ్గిన ఎన్ని గంటలకు పిల్లల్ని తేవచ్చు, పిల్లలు కొట్టుకుంటే ఎవరు మందలిస్తారు, మతపరమైన పాఠాలు ఉంటాయా లేదా అన్నవి ఒక పేజీలో రాసుకుని, మొదటి రోజే అందరూ సంతకం చేయాలి.

పరీక్షలూ, తెగని పేచీలూ

మార్కులు వద్దని ఒకరు అన్నా, పై చదువుల తలుపు దగ్గర ఎవరో ఒకరు ధ్రువపత్రం అడుగుతారు. పన్నెండో ఏటికల్లా ఏ పరీక్ష దారి అన్నది ఇద్దరూ కలిసి తేల్చుకోవాలి. ఉదాహరణకు కేంబ్రిడ్జ్ ఐజీసీఎస్‌ఈ (పదో తరగతి స్థాయి అంతర్జాతీయ పరీక్ష) ప్రైవేటుగా రాయాలంటే బోర్డుకు నేరుగా దరఖాస్తు పెట్టలేరు. ప్రైవేటు అభ్యర్థులను తీసుకునే పరీక్షా కేంద్రం వెతుక్కోవాలి, అదీ నెలల ముందే. సైన్సు సబ్జెక్టుల్లో ప్రయోగశాలకు బదులు రాసే పేపరు ఉంది. కోర్సువర్క్ తప్పనిసరైన సబ్జెక్టులు మాత్రం బయటి అభ్యర్థులకు అందకపోవచ్చు. ఈ వివరం తెలియక, పిల్లకు ఇష్టమైన సబ్జెక్టు ఆఖరి ఏడాది జారిపోతుంటుంది. పరీక్షకు ఏడాది ముందు నుంచి నెలకో పాత ప్రశ్నపత్రం, గడియారం పెట్టి, బల్ల మీద ఇంకేమీ లేకుండా రాయించండి. మార్కులకు వ్యతిరేకి అయినవారే ఆ పూట పక్కన కూర్చుంటే మంచిది.

ఒకే వాక్యం మీద రెండుసార్లు ఆరు వారాల పరీక్ష పెట్టినా తేలకపోతే మూడో మనిషిని పిలవండి. ఇద్దరిలో ఎవరి బంధువూ కాని, ఆ సబ్జెక్టు చెప్పే ఉపాధ్యాయులైతే మేలు. వాళ్లకు మీ వాదనలు చెప్పకండి. ఫైలు, పిల్లలు, ఒక గంట సమయం ఇవ్వండి. ఏం వచ్చు, ఏం రాదు, తర్వాత నేర్పాల్సింది ఏమిటి అన్న మూడు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు అడగండి.

బడికి తిరిగి పంపడం కూడా ఆ జవాబుల్లోంచి రావచ్చు. దాన్ని ఓటమిగా చూసే ఇళ్లలో ఆ మాట ఎత్తడానికే భయపడి ఏడాది పోగొట్టుకుంటారు. అందుకని ప్రతి ఏడాదీ ఒక తేదీ పెట్టుకుని, ఏ పేచీ లేని రోజున, "వచ్చే ఏడు ఇల్లా, బడా?" అని మామూలుగా మాట్లాడుకోండి. పదేళ్లు దాటిన పిల్లలను ఆ మాటల్లో కూర్చోబెట్టండి. ప్రవేశాలు ఏ నెలలో మొదలవుతాయో, ప్రవేశ పరీక్ష ఉంటుందో లేదో, ఇంటి చదువు రికార్డుల్లో ఏవి అడుగుతారో ముందే కనుక్కుని, ఆ తేదీని ప్రవేశాలకు కనీసం మూడు నెలల ముందు పెట్టుకోండి.